షెడ్డులో కాపురం, ఎదురుగా ఇల్లు: మా కట్టుబడి డైరీ

1వ వారం

సామాను చేరింది. షెడ్డు మొత్తం 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. ఒక కొసన 14 అడుగులు మాకు, మిగతా 26 అడుగులు రంపాలకూ కలపకూ. అంటే 336 చదరపు అడుగుల్లో నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప. తలుపు తీస్తే ఎదురుగా ఖాళీ జాగా. ఇల్లు లేవాల్సింది అక్కడే.

ఇంటికంటే ముందు షెడ్డు ఎందుకని చాలామంది అడిగారు. తలుపులు, కిటికీలు, అలమరలు నా చేత్తోనే చేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఆ పనికి ఎలాగూ నీడ కావాలి. పనివాళ్లు వెళ్లిపోయాక కట్టుబడి దగ్గర ఇంటిమనిషి ఒకరుండడం ఇంకా పెద్ద అవసరం అనిపించింది.

షెడ్డు ఎక్కడ వేయాలన్నదే చాలా రోజులు తేలలేదు. లారీ లోపలికొచ్చి తిరగాలి. కాంక్రీటు బండి పునాది దాకా పోవాలి. ఇసుక, కంకర, ఇనుము దింపడానికి విడివిడిగా చోటుండాలి. ఇవన్నీ ముగ్గు గీసుకుని చూస్తే మిగిలినవి రెండు మూలలు. గాలి ఎటునుంచి వీస్తుందో కొన్నాళ్లు చూసి, సిమెంటు దుమ్ము మా మీదకు రాని మూలను ఎంచుకున్నాం.

మరుగుదొడ్డికి తాత్కాలిక ఏర్పాటు వద్దనుకున్నాం. సెప్టిక్ ట్యాంకు ఇంటికి ఎక్కడ కావాలో అక్కడే ముందు కట్టేశాం. షెడ్డు నుంచి దానికి 90 అడుగులు. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాటం పెట్టుకున్నాం కాబట్టి ఆ కొసకు పైపు రెండడుగుల మూడంగుళాలు దిగింది. మేస్త్రి మట్టం పైపుతో మూడుచోట్ల సరిచూశాకే మట్టి కప్పనిచ్చాడు. ఇల్లయ్యాక షెడ్డులో పని చేసుకునేటప్పుడు కూడా ఇదే పైపు పనికొస్తుంది.

2వ వారం: అడ్డుగోడ

ఈ వారమంతా ఒక్క గోడకే పోయింది. పోయిందనడం సరికాదేమో, ఈ మొత్తం పనిలో నేను అన్నింటికంటే జాగ్రత్తగా చేసింది ఈ గోడే.

మాకూ వర్క్‌షాపుకూ మధ్య మొదట ప్లైవుడ్ కొట్టి, పైన రేకు దగ్గర జానెడు ఖాళీ వదిలాను. గాలాడుతుందని నా ఆలోచన. రెండు రోజులు రంపం ఆడించాక రాత్రి పడుకోబోతూ దిండు మీద చెయ్యి రాస్తే అరచేతికి పిండి అంటుకున్నట్టయింది. కళ్లకు కనిపించే పొట్టు నేలమీదే పడిపోతుంది. సన్నటి దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటుంది, ఊపిరితిత్తుల లోపలికి పోయేది అదే. పాప పడుకునే చోట అది పడుతోందని తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి ప్లైవుడ్ విప్పేశాను. ఇనుప ఫ్రేము నిలిపి, మధ్యలో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) నింపి, రెండువైపులా 12.5 ఎంఎం జిప్సం బోర్డు రెండేసి పొరలు బిగించాను. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీదికి రాకుండా జరిపాను. గోడను రేకు దాకా తీసుకెళ్లి, రేకు వంపుల కింద మిగిలిన ఖాళీల్లో రాక్‌వూల్ కూరి, అంచులన్నీ సీలెంటుతో మూశాను. మధ్యలో తలుపు పెట్టాలన్న ఆలోచనే మానేశాం. వర్క్‌షాపుకు పోవాలంటే బయటికి వచ్చి చుట్టూ నడవాలి. వచ్చేటప్పుడు బట్టలు బయటే దులుపుకుని, చెప్పులు అక్కడే విడిచి రావాలి. ఆ పాతిక అడుగుల నడకే దుమ్మును ఆపుతోంది.

ఈ గోడ దుమ్ముకు మాత్రమే కాదు. అటువైపు పొడిచెక్క, నూనెలు, రంగులు, మోటార్లు. ఇటువైపు మనుషులు నిద్రపోతారు. నిప్పు పుడితే బయటపడేంత సమయం ఈ గోడ ఇవ్వాలి. అందుకే పొగ అలారాలు రెండువైపులా పెట్టి ఒకదానికొకటి కలిపాను. అటు మోగితే ఇటూ మోగుతుంది. తలుపు ఒకటే కాబట్టి వెనక కిటికీకి ఊచలు బిగించకుండా, మనిషి దూరేంత పెద్ద రెక్క పెట్టాం. పాప చేత ఆ కిటికీలోంచి నాలుగుసార్లు బయటికి దిగించాను. చీకట్లో కూడా ఒకసారి.

3వ వారం: కరెంటు

మీటరు నుంచి షెడ్డుకు 200 అడుగులు, అంటే దాదాపు 61 మీటర్లు. చేతిలో ఉన్న 2.5 చదరపు ఎంఎం రాగి తీగ లాగేద్దామనుకున్నాం. ఎలక్ట్రీషియన్ కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. ఆ తీగ నిరోధం కిలోమీటరుకు 7.4 ఓములు. పోను రాను 122 మీటర్లకు 0.9 ఓము. టేబుల్ రంపం 9 ఆంపియర్లు తీసుకుంటే 8 వోల్టులు దారిలోనే పోతాయి. అది ఫరవాలేదు. కానీ మోటారు లేచే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. అప్పుడు 230లో దాదాపు 50 వోల్టులు పడిపోతాయి. దీపాలు మసకబారతాయి, మోటారు మూలుగుతుంది, ఇలా రోజూ జరిగితే లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. 6 చదరపు ఎంఎం తీగ వేస్తే ఆ పడడం 20 వోల్టులకు తగ్గుతుంది. అదే వేశాం.

వర్క్‌షాపుకు, మా గదికి వేరువేరు ఎంసీబీలు (లోడు మించితే ఆగే స్విచ్చులు), వేరువేరు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే ఆగే స్విచ్చులు) పెట్టించాను. రంపం దగ్గర ఏదైనా ట్రిప్ అయితే పొయ్యి దగ్గరున్న మనిషి చీకట్లో పడకూడదు. జనరేటరు కొన్నాం గానీ దాని చోటు బయటే, తలుపుకూ కిటికీలకూ ఇరవై అడుగుల అవతల. వాన వచ్చినా లోపలికి రాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మంచం పక్కన దానికీ ఒక అలారం తగిలించాను.

5వ వారం: వాన లేకుండా కారిన కప్పు

రాత్రి రెండింటికి పాప లేపింది. "నాన్నా, నా పుస్తకం తడిసింది. వాన పడట్లేదు కదా, కప్పెందుకు కారుతోంది?"

టార్చి వేసి చూస్తే రేకు అడుగున వరసగా బొట్లు. స్క్రూల దగ్గర వాషర్లు పోయాయనుకుని పొద్దున్నే పైకెక్కి ఒక్కొక్కటీ బిగించాను. మర్నాడు రాత్రీ అంతే. మూడో రోజుకి గానీ అర్థం కాలేదు: నీళ్లు పైనుంచి రావడం లేదు, మా నుంచే వస్తున్నాయి. ముగ్గురి ఊపిరి, వంట ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు. గది 25 డిగ్రీలుండి గాలిలో తేమ 70 శాతం ఉంటే, ఆ గాలి 19 డిగ్రీల వస్తువును తాకినా చాలు, నీరు పడుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి పలుచటి రేకు అంతకంటే చాలా చల్లబడుతుంది.

చేసిన పని మూడు విధాలు. బట్టలు ఆరేయడం బయటికి మార్చాం. పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి గొట్టాన్ని గోడ దాటించాం. రేకుకు కిందుగా ఫ్రేము కట్టి, రాక్‌వూల్ పరిచి, మా వైపు ఆవిరి దాటని షీటు అతుకుల్లేకుండా టేపు వేసి, దాని కింద బోర్డు బిగించాను. షీటుకు చిల్లు పడితే పని చెడుతుందని దీపాల వైర్లన్నీ గోడల మీదుగానే తెచ్చాం. ఆ తరవాత బొట్టు పడలేదు. పగటి వేడి కూడా తెలిసేంతగా తగ్గింది.

పాప పుస్తకం ఎండలో ఆరేసి, బరువు పెట్టి అణిచాను. పేజీలు కాస్త వంకర తిరిగాయి. అది దాచుకుంది.

7వ వారం: కొట్టుకుపోయిన ముగ్గు

ఈ వారం గురించి ఎక్కువ రాయాలి. ఇల్లు మారింది ఈ వారమే.

సోమవారం ముగ్గు పోశాం. ప్లాను పట్టుకుని మూలమట్టం చూసుకుంటూ 12, 16, 20 అడుగుల లెక్కతో తాళ్లు కట్టి, కర్ణాలు రెండూ సమానంగా వచ్చాకే సున్నం చల్లాం. ఫుటింగు గుంతలు, అంటే పిల్లర్ల పునాది గుంతలు, మర్నాడు తవ్వాలి. ఆ సాయంత్రం మబ్బు పట్టి రాత్రంతా కుండపోతగా కురిసింది. మేం కిటికీ దగ్గర కూర్చుని చూస్తూనే ఉన్నాం. మెరుపు మెరిసినప్పుడల్లా జాగాలో ఒకచోట మాత్రం నీరు కదులుతూ కనబడింది.

తెల్లారి వెళ్లి చూస్తే సున్నపు గీతలు మూడువైపులా చెదరలేదు. నాలుగో వైపు, పడకగది మూల దగ్గర, ఎనిమిది అడుగుల మేర గీత పూర్తిగా తుడుచుకుపోయింది. తెల్లటి చార అక్కడ మొదలై వంపు తిరిగి కిందికి సాగి, హద్దు దగ్గర ఆగింది. ఎండలో ఎన్నిసార్లు నడిచినా ఆ జాగా మాకు చదునుగానే కనిపించింది.

మేస్త్రి వచ్చి ఆ చార పక్కన చాలాసేపు నిలబడ్డాడు. "నీళ్ల దారికి అడ్డంగా కట్టొద్దు సార్. గుంత తియ్యలేదు కాబట్టి జరుపుదాం. గుంత తీశాక నేను కూడా కట్టేద్దామనే అంటాను."

ఇంజనీరుకు ఫోను చేశాం. వచ్చి లెవెల్ పెట్టి చూస్తే ఆ మూల మిగతా జాగా కంటే ఏడంగుళాలు పల్లం. ఇంటిని మొత్తం తొమ్మిది అడుగులు ఎగువకు జరిపాం. బేస్‌మెంటు ఎత్తును రెండు నుంచి రెండున్నర అడుగులకు పెంచాం. ఆ చార వెంబడే వెడల్పుగా, లోతు తక్కువగా ఒక కాలువ తీయించి గడ్డి నాటాం. ఎప్పటినుంచో పోతున్న దారినే నీళ్లు పోతాయి.

వేరే ఎక్కడో అద్దెకుండి వారానికోసారి వచ్చిపోతుంటే ఆ రాత్రి మేమిక్కడ ఉండేవాళ్లం కాదు. పొద్దున పనివాళ్లొచ్చి చెదిరిన గీత మీద మళ్లీ సున్నం చల్లి తవ్వేసేవాళ్లు. వాళ్ల తప్పు కూడా కాదది.

11వ వారం

ఫుటింగులు అయ్యాయి, పిల్లర్లు లేచాయి, పునాది పైన పిల్లర్లను కలిపే ప్లింత్ బీము పడింది. రాయాల్సినంత విశేషం లేదు. కాంక్రీటుకు నీళ్లు పెట్టడం మాత్రం ఎక్కువగా మేమే చేస్తున్నాం. పొద్దున నా భార్య, మధ్యాహ్నం మేస్త్రి మనిషి, రాత్రి నేను. కాంక్రీటు ఆరి గట్టిపడదు, సిమెంటు నీళ్లతో కలిసి రసాయన మార్పు చెంది గట్టిపడుతుంది. తడి ఆరిపోతే ఆ మార్పు అక్కడే ఆగుతుంది. పిల్లర్లకు గోనెపట్టా చుట్టి తడి ఆరనివ్వకుండా పది రోజులు చూసుకున్నాం.

14వ వారం: ఆ అలమర ఎక్కడ పెడతాం?

రెండు ఆదివారాలు కూర్చుని షెడ్డు గదికి గోడ పొడవునా పుస్తకాల అలమర చేశాను. కీళ్లు చక్కగా కుదిరాయి. బిగిద్దామని తెస్తే నా భార్య టేపు తీసుకుని కొలిచి అడిగింది: "ఏవండీ, ఇది ఆ ఇంట్లో ఎక్కడ పెడతాం?"

ఎక్కడా పట్టదు. పదమూడున్నర అడుగుల అలమర, ఈ షెడ్డు గోడకే సరిపోయేలా చేశాను.

ఆమె కోప్పడలేదు. "ఇక్కడ సుఖంగా ఉండాలనే మీరు చేశారు, నాకు తెలుసు. కానీ ఇక్కడ మరీ సుఖమైపోతే అక్కడి పని వెనకబడుతుందండీ" అంది. నిజం. ఆ రెండు ఆదివారాలూ కిటికీ చౌకట్లు చేయాల్సినవి. షెడ్డును నమ్ముకుని ఇల్లు సగంలో ఆపేసినవాళ్లను మేమిద్దరం చూశాం.

ఆ రోజు ఒక మాట అనుకున్నాం. నిప్పు, కరెంటు, నీళ్లు, గాలి: వీటికి సంబంధించి షెడ్డులో ఏ లోటూ ఉండకూడదు, ఎంత పనైనా చేద్దాం. మిగతాది ఏం చేసినా కొత్తింట్లో దాని చోటు కాగితం మీద చూపించాకే చేయాలి. అలమరను నాలుగు ముక్కలుగా కోసి విడి పెట్టెలుగా మార్చాను. వంటగది సామానంతా 600 ఎంఎం వెడల్పు పెట్టెలుగా చేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు షెడ్డులో వాడుకుంటాం, రేపు మోసుకెళ్లి అక్కడ బిగిస్తాం.

ఏడు గంటల తరవాత మోటారు ఆడించకూడదన్నదీ ఆ రోజే ఖాయమైంది. రాక్‌వూల్ గొంతులను ఆపుతుంది గానీ రంపం అదురును నేల మోసుకొస్తుంది. పాప చదువుకునే వేళ అది.

17వ వారం: స్లాబుకు ముందు సాయంత్రం

రేపు పొద్దున ఆరింటికి కాంక్రీటు. ఇనుము కట్టేసి వాళ్లు ఐదింటికి వెళ్లిపోయారు. అలవాటుగా టార్చి పట్టుకుని సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కట్టిన తాత్కాలిక చట్రం) ఎక్కాను. వెలుతురు పక్కవాటుగా పడితే పగలు కనబడనివి కనబడతాయి. మెట్లవైపు గదిలో, మనుషులు అటూ ఇటూ నడిచిన దారిలో, ఇనుమును రేకుకు అంటకుండా ఎత్తి ఉంచే కవర్ బిళ్లలు పక్కకు దొర్లిపోయి కింది వరస రాడ్లు సెంట్రింగ్ రేకును తాకుతున్నాయి. అలాగే పోసేస్తే ఆ ఇనుముకు కింద కాంక్రీటే ఉండదు. పదేళ్లకో పదిహేనేళ్లకో తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు రాలుస్తుంది.

నేనూ నా భార్యా కలిసి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాం. ఆమె గడ్డపారతో రాడ్డు లేపుతుంటే నేను 25 ఎంఎం బిళ్లలు జరిపి బైండింగ్ వైరుతో కట్టాను. వైర్ల పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకున్నాం. రేపటితో అవి ఇక కనబడవు.

మర్నాడు పోసేటప్పుడు మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. పని జారుగా సాగాలని ఒకతను బకెట్టుతో నీళ్లు పోయబోయాడు. మేస్త్రి అరిచి ఆపాడు. ఎక్కువైన నీళ్లు తరవాత ఆవిరై, పోయినచోటల్లా సన్న రంధ్రాలు మిగులుస్తాయి. బలం అక్కడే పోతుంది. అదే కాంక్రీటుతో 150 ఎంఎం క్యూబులు (దిమ్మెలు) ఆరు పోయించి, మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు బలం పరీక్షకు పంపాం. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపాం. రాత్రి నిద్రలేచి ఏ మడి ఖాళీ అయిందో చూసి రావడం నాకు ఇష్టమైన పనైపోయింది. నక్షత్రాలు ఆ నీళ్లలో కనబడేవి.

22వ వారం: వేడెక్కిన గుడ్డలు

దర్వాజాలకు అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డలు ఒక సంచిలో కుక్కి బల్ల కింద పడేశాను. భోజనం చేసి వచ్చేసరికి ఘాటైన వాసన. సంచి పట్టుకుంటే చేయి కాలింది. బయటికి లాగి విప్పగానే మధ్యలో నల్లగా మాడి పొగ చిమ్మింది. బకెట్టు నీళ్లు పోశాను.

ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ కలయికలో వేడి పుడుతుంది. చెక్క మీద పలుచగా ఉంటే వేడి పోయే దారుంది. ఉండ చుట్టిన గుడ్డలో ఆ దారి లేదు. అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటుంది. నాకు ఈ సంగతి ముందే తెలుసు. అలసటలో మరిచాను. గోడ అవతల ఆ సమయంలో పాప నిద్రపోతోంది.

ఇప్పుడు వర్క్‌షాపు బయట మూతున్న ఇనుప డబ్బా, అందులో సగం నీళ్లు. నూనె గుడ్డ ఏదైనా చేతిలోంచి నేరుగా అందులోకే. నూనె పని ఉన్న రోజు నేను ఆఖరున చేసే పని ఆ మూత తీసి చూడడం.

26వ వారం

మొదటి నెలలోనే కొన్న కలప ఈ వారం బయటికి తీశాను. రేకు కింద, పలకకీ పలకకీ మధ్య సన్నటి పట్టీలు పెట్టి, కొసలకు రంగు పూసి పేర్చింది. కొసలనుంచి తేమ తొందరగా పోతే చీలుతుంది, రంగు దాన్ని ఆపుతుంది. తేమ మీటరు అప్పుడు 21 శాతం చూపిస్తే ఇప్పుడు 12. కిటికీ రెక్కలు కోయడం మొదలైంది. కొలతలు ప్లాను చూసి కాకుండా ప్లాస్టరింగ్ అయిన గోడల్లోంచి తీసుకుంటున్నాను. కాగితం మీద ఒకే సైజున్న నాలుగు కిటికీల్లో రెండు మాత్రమే ఒకేలా ఉన్నాయి.

పడమటి కిటికీ సంగతి రాయాలి. షెడ్డు గదికి పడమర వైపు పెద్ద కిటికీ ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఆ గదిలో కూర్చోలేకపోయాం. సన్‌షేడు రెండడుగులున్నా లాభం లేదు. దిగే సూర్యుడు దాని కిందనుంచే నేరుగా లోపలికొస్తాడు. కొత్తింట్లో హాలుకు అచ్చం అలాంటి కిటికీయే గీసి ఉంది. గోడ లేవకముందే దాన్ని ఉత్తరానికి మార్చి, పడమరన పైకి ఒక చిన్న గాలి కిటికీ మాత్రం ఉంచాం.

31వ వారం

వంటగది పెట్టెలు మోస్తున్నాం. ఒక్కొక్కదాన్ని ఇద్దరం పట్టుకుని షెడ్డు నుంచి ఇంటిదాకా. పాప ముందు నడుస్తూ దారిలో రాళ్లు తీసేస్తోంది. ఆరు పెట్టెలు కుదిరాయి. ఏడోది మూల దగ్గర ఆగింది. అక్కడ గోడ మట్టం సరిచేయడానికి మేస్త్రి ప్లాస్టరు 12 ఎంఎం ఎక్కువ ఎక్కించాడట. నేను కొలతలు తీసుకున్నాక జరిగిందది.

పెట్టెను మళ్లీ వర్క్‌షాపుకు మోసుకెళ్లాం. పక్క పలక పొడవునా గీత గీసి చిత్రిక పట్టాను. ఏడు దాటింది కాబట్టి మోటారు వేయలేదు. ముగ్గురం వంతులవారీగా లాగాం. పాప చేతికి మొదటిసారి అతుకు లేకుండా మూరెడు పొడవు పొట్టు వచ్చింది. దాన్ని ఆ వంకర తిరిగిన పుస్తకంలో పెట్టుకుంది. ఇంకా 3 ఎంఎం తీయాలి. రేపు.